మెట్ల కుర్చీ ఎవరిది

చదివేవాళ్లకు ముందుగా ఒక మాట. నాకు అక్షరాలు వచ్చింది జుట్టు నెరిశాక. ఒత్తులు జారిపోతుంటాయి, దీర్ఘాలు ఎక్కడ పడితే అక్కడ నిలబడతాయి, ఒక పేజీ నింపేసరికి టీ చల్లారిపోతుంది. తప్పులుంటే మన్నించి సర్దుకుని చదవండి. ఇందులో అత్త అని వచ్చేది నేనే. నేను, నేను అని రాసుకుంటూ పోతే కథంతా నా చుట్టూనే తిరుగుతుంది. ఇది మా కోడలి కథ.

కోడలు గేట్లకూ కిటికీ గ్రిల్స్‌కూ నమూనాలు గీసేది. కొడుకు వెల్డింగ్ చేసేవాడు. అత్త తుప్పు పట్టకుండా రెడ్ ఆక్సైడ్ రంగు పూసేది. ముగ్గురి పనీ కింద షెడ్డులో, ముగ్గురి అలకలూ పైన మేడ మీద. ఆ షెడ్డులోనే, గేట్ల పనికీ గేట్ల పనికీ మధ్య సందులో, కోడలు మెట్ల కుర్చీ తయారుచేసింది. లిఫ్టు ఆగిపోయిన మేడల్లో జబ్బు మనిషిని కిందికి దించే కుర్చీ అది. మడిస్తే తలుపు వెనక నిలబడుతుంది. విప్పితే వెనక రెండు చక్రాలు, పై మెట్టు మీది మనిషికి ఒక పిడి, కింది మెట్టు మీది మనిషికి ఒక పిడి, ఛాతీకి బెల్టు, చక్రం మీద రబ్బరు బ్రేకు.

ఆ ఆలోచన ఊరికే రాలేదు. మామగారికి ఊపిరాడని రోజున లిఫ్టు పనిచేయలేదు. ఇరుగుపొరుగు ఆయన్ని దుప్పట్లో వేసి దించారు. మలుపు దగ్గర ముడి జారింది. ఆయన ఆ తర్వాత కూడా కొన్నాళ్లు బతికాడు గానీ మళ్లీ మెట్ల వైపు చూడలేదు. కోడలు అప్పటికి కొత్తగా కాపురానికి వచ్చిన పిల్ల. దుప్పటి ఒక కొస పట్టుకున్నది ఆమే.

కుర్చీ బాగా కుదిరింది. చుట్టుపక్కల మేడలవాళ్లు వచ్చి చూశారు, కావాలన్నారు. కానీ ఒక్కొక్కటీ చేత్తో చేస్తే ఏడాదికి ఎన్ని చేస్తారు? అచ్చులు పోయించాలి, మనుషుల్ని పెట్టుకోవాలి. ఇదిలా ఉండగా ఆసుపత్రి సామాన్లు అమ్మే ఒక కంపెనీ నుంచి మనిషి వచ్చాడు. నమూనా మొత్తంగా మాకు రాసిచ్చేయండి, మీరు మళ్లీ గేట్లు చేసుకోండి అన్నాడు. ఆ కంపెనీ మోటారు పెట్టిన ఖరీదైన కుర్చీలు అమ్ముతుంది. కోడలి నమూనా కొని బీరువాలో పెట్టి తాళం వేస్తుందని ఎవరిని అడిగినా చెప్పారు. నెలాఖరులోగా అవునో కాదో చెప్పమన్నాడు. గేట్ల పని వదిలేసి కుర్చీ మీదే కూర్చోవడంతో షెడ్డు నీరసపడి ఉంది. ఎవరైనా పెట్టుబడి పెడితే కుర్చీ తమది. లేకపోతే బీరువాది. కోడలికి నిద్రలో కూడా ఆ బీరువా తలుపు చప్పుడు వినిపించేది.

పెట్టుబడి అంటే ఆ చుట్టుపక్కల స్టార్టప్‌లవాళ్లంతా ఒకావిడ పేరే తలుచుకునేవారు. కళ్లద్దాలకు గొలుసు కట్టి మెడలో వేసుకుంటుంది కనుక అత్త ఆవిడకు గొలుసు కళ్లద్దాలావిడ అని పేరు పెట్టింది. ఆవిడకొక నియమం ఉంది. ఎంతమంది వచ్చి ఎన్ని చెప్పినా కలం పట్టదు. సాయంత్రానికి నాకేది గుర్తుంటే అదే పనికొచ్చేది, మర్చిపోయింది మర్చిపోవాల్సిందే అంటుంది. ఆ మాటను అందరూ దేవుడి వాక్కులా చెప్పుకునేవారు. ఆ మాట పుణ్యమా అని ఇంకొకాయనకు బతుకుతెరువు దొరికింది. ఆయనే గుర్తుల మాస్టారు. మనసుకు ఏది ఎందుకు గుర్తుంటుందో చదువుకున్నవాడు. ఫోటో స్టూడియో పైన గది తీసుకుని, పెట్టుబడి పెట్టేవాళ్ల తలలో మన మాట ఎలా నాటుకోవాలో నేర్పేవాడు.

కోడలు చేరింది. తోడుగా అత్త వెళ్లింది. మొదటి రోజే మాస్టారు ఒక వరస పదాలు చదివాడు. బల్ల, ఫైలు, కలం, బీరువా, ఏనుగు, గంట, కాగితం, ఇలా. చదివి, కాసేపు వేరే కబుర్లు చెప్పి, ఇప్పుడు గుర్తున్నవి చెప్పండి అన్నాడు. అందరూ మొదటివీ చివరివీ చెప్పారు. మధ్యలోవి గల్లంతు. ఏనుగు మాత్రం ఎవరూ మర్చిపోలేదు. అత్తకైతే ఏనుగొక్కటే మిగిలింది.

"చూశారా, ఆఫీసు సామాన్ల మధ్య ఏనుగు నిలబడింది. అంతమంది మధ్యలో మీరు ఏనుగు కావాలి," అన్నాడు మాస్టారు.

"ఒళ్లు తగ్గించుకోమని డాక్టరు, ఏనుగవమని ఈయన. ఎవరి మాట వినాలే అమ్మాయ్," అంది అత్త.

మాస్టారు చెప్పేవన్నీ నిజాలే కావడం చూసి కోడలికి ముచ్చటేసింది. మనసు అంకెలను పట్టుకోదు, బొమ్మను పట్టుకుంటుంది. ఒకే మాట వెంటవెంటనే చెబితే విసుగు, కాస్త ఎడమిచ్చి చెబితే నాటుకుంటుంది. పూర్తిగా చెప్పేసిన విషయం నిద్రపోతుంది, సగంలో ఆపిన ప్రశ్న చెవిలో జోరీగలా తిరుగుతూనే ఉంటుంది. కోడలు బుద్ధిగల విద్యార్థిలా అన్నీ విని, ఇంటికొచ్చి, పెట్టుబడిదారుల సభలో చెప్పబోయే తన ప్రసంగాన్ని కోయడం మొదలుపెట్టింది. బరువుల లెక్క కోసింది. మెట్ల వెడల్పు కోసింది. బ్రేకు సంగతి కోసింది. చివరికి ఒక మాట, ఒక బొమ్మ మిగిలాయి. బొమ్మేమో కుర్చీలో అత్త, మాటేమో "లిఫ్టు ఆగినా మనిషి ఆగకూడదు."

మాస్టారు ఆ మాట విని చప్పట్లు కొట్టాడు. ఇంకా ఏమైనా కోయొచ్చా అని చూసి, షెడ్డు పేరూ కుర్చీ పేరూ ఎందుకన్నాడు. పేర్లకు జిగట ఉండదట, ఎంత రుద్దినా అంటుకోవట, ఆ సమయంలో మాటను ఇంకోసారి అనొచ్చట. కోడలు అదీ కొట్టేసింది. కొట్టేస్తుంటే చెయ్యి ఒక్క క్షణం ఆగింది. ఆగినా కొట్టేసింది.

ఒక్కచోట మాత్రం మాస్టారి మాట సాగలేదు. మామగారి దుప్పటి సంగతి చెప్పి, అత్త కంట్లో తడి చూపిస్తే ఇక తిరుగులేదన్నాడు. ఏడుపుతో కలిసి వచ్చిన జ్ఞాపకం చావదన్నాడు. కోడలు అత్త వైపు చూసింది.

"కుర్చీలో కూర్చోమంటే కూర్చుంటాను మాస్టారూ. మా ఆయన్ని నేను దాచుకున్నది ఇలా పరిచి చూపించడానికి కాదు. అంతగా ఏడుపు కావాలంటే మీరు ఏడవండి," అంది అత్త.

మాస్టారు మంచివాడు. సరేనమ్మా అని వదిలేశాడు.

పెట్టుబడిదారుల సభ ఒక హోటల్ హాల్లో జరిగింది. చల్లటి గాలి, మెత్తటి తివాచీ, ఎవరు నడిచినా చప్పుడు వినిపించదు. వరసలో కోడలికి వచ్చింది భోజనాల తర్వాతి వంతు. కడుపులు నిండి కళ్లు మూతలు పడే వేళ. మాస్టారి లెక్కలో అంతకంటే చెడ్డ చోటు లేదు. అయినా కోడలు బెదరలేదు. అందరూ తెర మీద బొమ్మలు వేసి చూపించారు గనుక తాను తెర ఆపేయమంది. వేదిక మీంచి హాల్లోకి నాలుగైదు మెట్లున్నాయి. అత్తను కుర్చీలో కూర్చోబెట్టి బెల్టు కట్టింది. పైపిడి తాను పట్టుకుంది, కింది పిడి మొగుడు పట్టుకున్నాడు. ఒక్కో మెట్టూ దిగుతూ, మెట్టుకూ మెట్టుకూ మధ్య ఎడమిచ్చి, ఆ ఒక్క మాటే అంది. హాలంతా లేచి కూర్చుంది. కిందికి దిగాక, మీ మేడలో లిఫ్టు ఆగిన రోజున మీ ఇంట్లో ఎవరున్నారు అని అడిగి, జవాబు కోసం ఆగకుండా దండం పెట్టి పక్కకు తప్పుకుంది. చప్పట్లు మోగాయి. గొలుసు కళ్లద్దాలావిడ కూడా కొట్టింది, కళ్లద్దాలు తీసి మరీ. అత్త కుర్చీలోంచే అందరికీ దండం పెట్టింది. కొడుకు చెవులు ఎర్రబడ్డాయి. వాడికి చప్పట్లంటే భయం.

ఆ తర్వాతి వంతు ఒక తెల్లచొక్కా కుర్రవాడిది. అతనిది ఫోన్‌లో పనిచేసే యాప్. ఏ మేడలో లిఫ్టు పాడైనా బాగుచేసేవాళ్లకు కబురు వెళ్తుంది. చెడ్డ యాప్ ఏమీ కాదు. అతను తెర వెలిగించాడు. లిఫ్టు తలుపు ముందు చేతికర్రతో నిలబడ్డ ఒక ముసలాయన బొమ్మ వచ్చింది. అందరి చెవుల్లో ఇంకా గింగురుమంటున్న మాటనే అందుకుని, "లిఫ్టు ఆగినా మనిషి ఆగకూడదు, అంతేగా? మా యాప్ అందుకే," అని మొదలుపెట్టాడు. మాటకు మాట కలిపాడులే అనుకుంది కోడలు. నవ్వింది కూడా.

రెండు రోజులకు మలి విడతకు ఎంపికైనవాళ్ల పేర్లు వచ్చాయి. అందులో కోడలు లేదు. తెల్లచొక్కా ఉన్నాడు. అతని పేరు పక్కన, ఎందుకు నచ్చిందో గొలుసు కళ్లద్దాలావిడ చెప్పిన ముక్క కూడా వేశారు. మెట్ల మీంచి కుర్చీలో మనిషిని దించిన దృశ్యం మరువలేనిది, లిఫ్టు ఆగినా మనిషి ఆగకూడదన్న మాట ఇంకా చెవుల్లో ఉంది అని.

కోడలు ఆ ముక్కను మళ్లీ మళ్లీ చదివింది. ఎక్కడో పొరపాటు పడ్డారు, ఫోన్ చేస్తే సర్దుకుంటుంది అనుకుంది. సభ నడిపినవాళ్లు, ఆవిడకు బాగా గుర్తుందట, ఆవిడ మాటే చివరి మాట అని ఫోన్ పెట్టేశారు.

మాస్టారి దగ్గరికి పరుగెత్తింది. ఆయన విని తల పట్టుకున్నాడు. ఇది కూడా మా చదువులో ఉన్నదేనమ్మా అన్నాడు. విన్న మాట మిగులుతుంది, ఎవరి నోట విన్నామన్నది ముందు చెరిగిపోతుంది. దానికి కట్టుకొయ్యలాంటి పేరేదైనా ఉంటే కాస్త ఆగేది. పేరు కోసేశాం గదా, మాట తాడు తెంచుకుని పక్కవాడి దొడ్లో దూరింది.

"పేరు తీసేయమంది మీరే గదా మాస్టారూ," అంది కోడలు.

ఆయన ఒప్పుకున్నాడు. కానీ మాట నాటుకుంది చూడు, నా విద్య పనిచేసింది, అతిగా పనిచేసింది అన్నాడు. వచ్చే ఏడాది సభకు ఇంకా గట్టి ఏనుగును తయారుచేద్దాం అన్నాడు. కోడలికి అరవాలనిపించింది. అరవలేదు. పేరు కొట్టేసిన చెయ్యి తనది. మాస్టారు అన్నాడు సరే, తానెందుకు విన్నట్టు? గుర్తుండాలి గుర్తుండాలి అని కోసి కోసి, గుర్తుండాల్సిందాన్నే కోసేసింది.

మరునాడు తెల్లచొక్కా షెడ్డుకు వచ్చాడు. మనిషి మర్యాదస్తుడు, చెప్పులు బయట విడిచాడు. అక్కా అక్కా అంటూ కూర్చుని, జరిగింది తన తప్పు కాదన్నాడు. కుర్చీ మాది అని తానెక్కడా అనలేదట, ఆవిడే అనుకుందట.

"మరి కాదని చెప్పావా?" అంది కోడలు.

"అడగలేదు గదక్కా. అయినా ఇందులో మీకు నష్టమేముంది? కుర్చీని మా యాప్‌లో కలిపేద్దాం. మీరు తయారుచేయండి, మేం చూపిస్తాం. ఆవిడకు గుర్తున్నది కూడా నిజమైపోతుంది."

అత్త రంగు బ్రష్షు ఆపి, "బాబూ, మా ఇంటి పిల్లను మీ ఇంటి పిల్ల అనుకున్నారని, పిల్లను నీకే ఇచ్చేయమంటావా?" అంది. తెల్లచొక్కా నవ్వబోయి మానేశాడు.

కోడలు లేచి నిలబడింది. దీన్ని ముందు ఏ పక్క మడవాలో నీకు తెలుసా అని అడిగింది. తెలియదన్నాడు. అయితే వెళ్లిరా తమ్ముడూ అంది. అతను వెళ్లాడు. మొగుడు వెల్డింగ్ అద్దం పైకెత్తి, ఆలోచించకుండా కాదన్నావేమో, నెలాఖరు దగ్గరపడింది అన్నాడు. ఆలోచించే అన్నానంది కోడలు. బీరువాలో పెట్టేవాడికీ జేబులో పెట్టుకునేవాడికీ తేడా ఏముంది అంది. వాడు అద్దం దించుకున్నాడు. ఆ ఇంట్లో అది సరేననడం.

మర్నాడు పొద్దున్నే కుర్చీ మడిచి ఆటోలో వేసి, అత్తను వెంటబెట్టుకుని కోడలు గొలుసు కళ్లద్దాలావిడ ఆఫీసుకు వెళ్లింది. అద్దాల మేడ, పై అంతస్తు. బల్ల వెనక అమ్మాయి ముందుగా చెప్పి రావాలంది. ఇప్పుడు చెబుతున్నాం, చెప్పాకే కూర్చుంటాం అంది కోడలు. కుర్చీ విప్పి అత్తను అందులోనే కూర్చోబెట్టింది. వచ్చేవాళ్లూ పోయేవాళ్లూ పక్కకు తప్పుకుని నడిచారు. ఒకాయన అత్తకు ఒంట్లో బాగాలేదనుకుని మంచినీళ్లు తెచ్చిచ్చాడు. అత్త తాగింది, దాహంగానే ఉంది గనుక.

మధ్యాహ్నానికి ఆవిడే బయటికి వచ్చింది. కుర్చీ చూసి మొహం విప్పారింది. "ఓ, ఆ లిఫ్టు అబ్బాయి పంపించాడా?"

"లేదు మేడమ్. ఇది మాది. ఆ రోజు మెట్లు దించింది మేమే," అంది కోడలు.

ఆవిడ కుర్చీతో సహా లోపలికి పిలిచింది. కూర్చోబెట్టి, చిన్నపిల్లకు నచ్చజెప్పినట్టు మెత్తగా మాట్లాడింది. పోటీలో పేరు రానివాళ్లు బాధపడటం తనకు తెలుసంది. తన జ్ఞాపకం మీద తనకు గురి అంది. ఇన్నేళ్లుగా దాన్ని నమ్ముకునే పెట్టుబడులు పెట్టానంది. కళ్లు మూసుకుని ఆ రోజు చూసిందంతా చెప్పుకొచ్చింది. హాల్లో తెర వెలుగుతోంది. తెల్లచొక్కా అబ్బాయి పైన పట్టుకున్నాడు. మెట్టు మెట్టూ దిగుతూ ఆ మాట అన్నాడు.

"కుర్చీలో ఒక ముసలాయన. చేతిలో కర్ర. ఆ మొహం నేను చచ్చేదాకా మర్చిపోను," అంది కళ్లు తెరిచి.

"ఆ ముసలాయన్ని నేనేనమ్మా," అంది అత్త.

ఆవిడ అత్త వంక చూసింది, కుర్చీ వంక చూసింది, మళ్లీ అత్త వంక చూసింది. గొలుసు పట్టుకుని కళ్లద్దాలు పెట్టుకుంది, తీసింది, పెట్టుకుంది.

అత్తకు ఆవిడ మీద జాలేసింది. "మీ తప్పేం లేదమ్మా. నాకు చదువు రాని రోజుల్లో నేనూ అన్నీ తలలోనే పెట్టుకునేదాన్ని. అందరూ అబ్బో అనేవాళ్లు. రాయడం వచ్చి రాసి చూసుకుంటే తెలిసింది, సగం తప్పులే. తప్పని ఎవరూ చెప్పలేదు, అంతే," అంది.

ఆవిడ తేరుకుని నవ్వేసింది. పెద్ద స్థానంలో ఉన్నవాళ్లకు నవ్వడం త్వరగా వస్తుంది. సరే, పొరపాటు నాదే అనుకుందాం అంది. ఆ బయట మెట్లున్నాయి, ఆ రోజులాగే ఇంకొక్కసారి చేసి చూపించండి, సాయంత్రానికి నా మనసేం చెబుతుందో చూస్తాను అంది.

కోడలికి కోరుకున్నది ఎదురుగా వచ్చి నిలబడింది. చేస్తే చాలు. మాట నోటికి వచ్చిందే, మొగుడి బదులు బయటి అమ్మాయి సాయం పట్టినా చాలు. చేయాలనే లేచింది కూడా. కానీ అత్తను కుర్చీలో కూర్చోబెట్టి బెల్టు కడుతుంటే చెయ్యి ఆగింది. ఈసారి ఆగిన చేతి మాట విన్నది.

"చేయం మేడమ్," అంది.

"ఎందుకు?"

"మీకు గుర్తుండాలని ఆ రోజు ఈ కుర్చీ గురించి తెలిసినవన్నీ దాచేసి, ఒక మాట, ఒక ఆట మిగిల్చాను. మీకు ఆ ఆటే గుర్తుంది, అదీ వేరేవాళ్ల పేరు మీద. ఇప్పుడు ఆట లేదు. దాచినవన్నీ చెబుతాను. విసుగ్గా ఉంటుంది. మీరు రాసుకోవాలి."

"నేను రాసుకోనని నీకు తెలుసుగా."

"తెలుసు. గుర్తుండేలా చెప్పడం నా పని అని ఇన్నాళ్లూ నేర్పారు మేడమ్. మీరు ఇచ్చేది మీ సొమ్ము, దించేది నలుగురి ప్రాణాలు. గుర్తుపెట్టుకోవడం మీ పని. రాసుకోకపోతే నేను చెప్పను."

అలా అని కుర్చీ మడవడానికి అత్తను లేపింది. బ్రేకు బిగించింది. ఒక పక్క మడిచింది. బీరువా తలుపు మూసుకుంటున్న చప్పుడు వినిపిస్తూనే ఉంది. అయినా రెండో పక్క కూడా మడిచి, భుజాన వేసుకుని, తలుపు దగ్గరికి నడిచింది. ఆవిడ పిలవలేదు. తలుపు తీసింది. అప్పటికీ పిలవలేదు. అత్త మాత్రం కదల్లేదు. మోకాళ్ల నొప్పి వల్లో, మొండితనం వల్లో, అక్కడే బల్ల పట్టుకుని నిలబడి, "మీ బల్ల మీద కలం కూడా లేదే," అంది విడ్డూరంగా.

నిజంగానే లేదు. గొలుసు కళ్లద్దాలావిడ సొరుగు లాగింది, ఇంకో సొరుగు లాగింది. చివరికి బల్ల వెనక అమ్మాయి దగ్గర్నుంచి కలం తెప్పించుకుంది. ఎవరి పెళ్లి పిలుపో అట్ట ఒకటి ఉంటే తిరగేసుకుంది.

"చెప్పు," అంది, మొహం ముడుచుకునే.

కోడలు తలుపు మూసి, వచ్చి చెప్పింది. ఎంత బరువు మోస్తుంది, ఎంత బరువైతే మోయదు. మెట్లు ఎంత ఇరుకుగా ఉంటే మలుపు తిరగదు. గుండ్రటి మెట్లకు పనికిరాదు. పైపిడి పట్టుకునేవాళ్లు కింది వాళ్లకంటే మరీ పొట్టిగా ఉండకూడదు. కింది మనిషి కంటే ముందు పై మనిషి చెయ్యి వదిలితే ప్రమాదం. మాస్టారు వింటే కళ్లు తిరిగి పడిపోయేవాడు, అంత చప్పగా చెప్పింది. ఆవిడ ఆవులించింది. ఆవులిస్తూ రాసింది. మధ్యలో ఒకచోట చదివి వినిపించమంది కోడలు. చదివితే బరువు తప్పుగా ఉంది. దిద్దించింది.

"తడి మెట్ల మీద?" అని అడిగింది ఆవిడ, ఆ రోజంతటిలో మొదటిసారి నిజంగా తెలుసుకోవాలన్నట్టు.

"జారుతుంది. కొత్త రబ్బరు వేసి చూస్తున్నాం. ఇంకా కుదరలేదు."

"కుదిరాక రా."

"రాను మేడమ్. మీరే రండి. వాన పడ్డ రోజున, మా మేడ మెట్ల దగ్గరికి."

ఆవిడ అది కూడా రాసుకుంది.

ఆసుపత్రి కంపెనీ మనిషి గడువు రోజున వచ్చాడు. అప్పటికింకా వాన లేదు, ఆవిడా లేదు. మొగుడు గేటు దగ్గరే నిలబడి భార్య మొహం చూశాడు. ఇవ్వం అంది కోడలు. మళ్లీ ఇంత మంచి బేరం రాదని ఆ మనిషి అంటే, రాకపోతే గేట్లు చేసుకుంటాం, కుర్చీలు కూడా చేసుకుంటాం, ఏడాదికి ఎన్ని అయితే అన్ని అంది. అత్త రెడ్ ఆక్సైడ్ డబ్బా మూత దబ్బున కొట్టింది. మూత సరిగా పడలేదని కొట్టిందా, ఆ మనిషి వెళ్లాలని కొట్టిందా అన్నది అతనికి అర్థమైంది.

వాన పడ్డాక గొలుసు కళ్లద్దాలావిడ వచ్చింది. గొడుగు పట్టుకుని, ఆ అట్ట చేత్తో పట్టుకుని. బయటి మెట్ల మీద నీళ్లు కారుతున్నాయి. నన్నే కూర్చోబెట్టు అంది. పైన కోడలు, కింద కొడుకు. రెండు మెట్లు బాగానే దిగింది. మూడో మెట్టు మీద చక్రం జారింది. ఒక మెట్టు దబ్బున పడి బ్రేకు పట్టింది. ఆవిడ నోట్లోంచి కేక రాలేదు గానీ చేతిలో గొడుగు కిందికి దొర్లుకుంటూ పోయింది. అలాగే కింది దాకా దించారు. బెల్టు విప్పుకుని లేచిన ఆవిడ మొహంలో నెత్తురు చుక్క లేదు.

"జారుతుందని తెలిసీ కూర్చోబెట్టావా?"

"జారుతుందని రాసుకుని మరీ కూర్చున్నారు మేడమ్."

ఆవిడ మెట్ల మీదే, తడిలోనే, కూలబడి కొంతసేపు కూర్చుంది. తర్వాత బ్రేకు చూపించమంది. కోడలు చక్రం విప్పి చూపించింది. రబ్బరు ఎక్కడ అరిగిందో, నీళ్లు ఎటు నిలుస్తున్నాయో వేలితో తడిమి చూపించింది. ముందు దీనికి పెట్టుబడి పెడతాను, మిగతాది ఇది కుదిరాక అంది ఆవిడ. యాప్‌తో కలపనని, కుర్చీ మీ షెడ్డు పేరుతోనే ఉంటుందని తానే అంది. కోడలు వెంటనే తల ఊపలేదు. ఆ మాటలన్నీ కూడా ఆ అట్ట మీదే రాయించి, కింద ఆవిడ చేత సంతకం పెట్టించి, వాన తగలకుండా పమిట కిందికి తీసుకుని, అప్పుడు నవ్వింది.

పెద్ద కాగితాలు తర్వాత వచ్చాయి. బ్రేకు ఇంకా కుదురుతూనే ఉంది. వాన పడితే చాలు ముగ్గురూ మెట్ల మీదికి పరుగెత్తుతారు. కుర్చీలో కూర్చునేది అత్తే.

ఇట్లు,
మెట్ల అత్త, వయసు అరవై ఆరు. ప్రస్తుతం ఉంటున్నది షెడ్డు పైన మేడ మీద, మెట్లకు ఆనుకుని ఉన్న గదిలో.